చెరకు ట్రాలీ స్టబ్ యాక్సిల్: కంప్యూటర్ నుంచి సుత్తి దాకా నా అనుభవం

సంకిలి చక్కెర ఫ్యాక్టరీకి చెరకు తోలే రోజుల్లో రాజాం చుట్టుపక్కల రోడ్ల మీద తిరిగినవాళ్లకి ఇది తెలిసిన సంగతే. ట్రాలీ ఒక పక్కకి ఒరిగి ఉంటుంది, చక్రం హబ్బుతో సహా పక్క మడిలో పడి ఉంటుంది, సగం చెరకు రోడ్డు మీద ఉంటుంది. చక్రం ఊడిపోయిందంటారు గానీ, నిజానికి దాన్ని మోసే స్టబ్ యాక్సిల్, అంటే చక్రం తిరిగే పొట్టి ఇరుసు, మొదలు దగ్గర విరుగుతుంది. నేను బొబ్బిలి గ్రోత్ సెంటర్లో ట్రాలీలు కట్టే ఒక చిన్న కంపెనీలో డిజైన్ పని చూస్తాను. వెల్డింగ్ స్టబ్బులు మానేసి, ఎర్రగా కాల్చి అచ్చులో సుత్తితో కొట్టి చేసే ఫోర్జింగ్ స్టబ్బులకి మారదామని మా ఓనరు గారు అనుకున్నాక, డ్రాయింగు దగ్గర్నుంచి టెస్టింగు దాకా ఆ పని నా చేతి మీదుగానే నడిచింది. మెకానికల్ చదివే పిల్లలకీ, ట్రాలీ ఉన్న రైతులకీ పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు పాత పద్ధతి చెప్పాలి. ఈఎన్8 అనే రకం స్టీలు రౌండు బారు తెచ్చి, బేరింగులకి సరిపడా లేత్ మీద తిప్పి, మొదలు దగ్గర మందపాటి ప్లేటుని ఫ్లాంజ్‌గా దూర్చి చుట్టూ వెల్డింగ్ కొడతారు. ఆ ఫ్లాంజ్‌ని యాక్సిల్ బీముకి బోల్టులతో బిగిస్తారు. చవక, ఎక్కడైనా అవుతుంది. కానీ ఈఎన్8లో కార్బన్ 0.4 శాతం దగ్గర ఉంటుంది. ముందుగా వేడి చెయ్యకుండా దాన్ని వెల్డింగ్ చేస్తే అతుకు పక్కనున్న లోహం ఒక్కసారిగా చల్లారి పెళుసెక్కుతుంది. పైకి వెల్డింగ్ పూస ఎంత అందంగా కనబడినా లాభం లేదు.

విరిగి వెనక్కి వచ్చిన ముక్కలు మా షెడ్డు వెనక చాలానే పడి ఉండేవి. కంప్యూటర్ తెరిచే ముందు వాటి దగ్గర కూర్చున్నాను. విరిగిన ముఖాన్ని కిరోసిన్‌తో కడిగి చూస్తే రెండు భాగాలుగా కనిపిస్తుంది. ఒకటి నున్నగా, నల్లగా, అక్కడక్కడా తుప్పు పట్టి, ఒక అంచు నుంచి వరసగా వంపు గీతలు తిరిగి ఉంటుంది. రెండోది గరుకుగా, తెల్లగా మెరుస్తూ ఉంటుంది. ఆ మెరిసే గరుకుని చూసే మెకానిక్కులు "లోపల రవ్వ కట్టేసింది, స్టీలు నాసిరకం" అనేస్తారు. ఆ గరుకు భాగం ఆఖరి రోజున ఒక్క దెబ్బకి తెగింది. నున్నటి భాగం మాత్రం నెలల తరబడి కొంచెం కొంచెంగా పాకిన పగులు. ఆ వంపు గీతలు ఎక్కడ మొదలయ్యాయో చూస్తే పగులు పుట్టిన చోటు దొరుకుతుంది. దాదాపు అన్నింటిలోనూ అది ఒక్కచోటే: ఫ్లాంజ్ దగ్గర వెల్డింగ్ అంచు, అదీ కింది వైపు. చక్రం తిరుగుతుంది గానీ స్టబ్బు తిరగదు. నేల చక్రాన్ని పైకి నెడుతుంది కాబట్టి స్టబ్బు పైకి వంగుతుంది, లాగుడంతా కింది వైపు పడుతుంది.

ఈ రవ్వ మాట మన దగ్గర పుట్టింది కాదు. 1842లో ఫ్రాన్సులో వెర్సాయ్ దగ్గర రైలింజను యాక్సిల్ విరిగి ఘోర ప్రమాదం జరిగింది. వాడగా వాడగా ఇనుములో స్ఫటికాలు కట్టి పెళుసవుతుందని అప్పటి ఇంజనీర్లలో చాలామంది నమ్మారు. జర్మనీలో ఆగస్ట్ వోలర్ అనే రైల్వే ఇంజనీరు ఏళ్ల తరబడి యాక్సిళ్ల మీద పరీక్షలు చేసి, లోహం ఓర్చుకునే బరువు కంటే తక్కువ బరువే అయినా లక్షలసార్లు వేసి తీస్తే విరుగుతుందని లెక్కగట్టి చూపించాడు. ఇప్పుడు కాలేజీలో చెప్పే ఫెటీగ్ పాఠమంతా అక్కడి నుంచే మొదలు. సాలూరు రోడ్డు మీద మెకానిక్ షెడ్డులో నూట ఎనభై ఏళ్ల కిందటి వాదన ఇంకా నడుస్తోందంటే నాకు ముచ్చటేస్తుంది.

రైతుల దగ్గర మాత్రం ఒకటే మాట. "ఏటి బాబూ, మీ కంపూటర్లో ఏటి సూస్తారు గానీ, రాడ్డు ఓ సూతు లావు పెట్టీండి సాలు" అన్నాడు తెర్లాం వైపు నుంచి వచ్చిన ఒకాయన. ఆయన మాట తీసిపారేసేది కాదు. వంపు ఒత్తిడి వ్యాసం ఘనానికి విలోమంగా తగ్గుతుంది. 55 మిల్లీమీటర్ల స్టబ్బుని 60 చేస్తే ఒత్తిడి సుమారు 23 శాతం తగ్గుతుంది. కానీ 55 అన్నది బేరింగు లోపలి రంధ్రం కొలత. 60 అంటే బేరింగు మారాలి, సీలు మారాలి, హబ్బు మళ్లీ పోత పోయాలి. పాత ట్రాలీలకి అది ఎక్కదు. అందుకని లావు ముట్టుకోకుండా ఏం చెయ్యగలమన్నదే నా ముందున్న లెక్క.

కాగితం మీద లెక్క సులువే. లోడు, ట్రాలీ బరువు కలిపి పది టన్నులనుకుంటే చక్రానికి రెండున్నర టన్నులు. చక్రం మధ్య గీత నుంచి ఫ్లాంజ్ మూలకి 90 మిల్లీమీటర్లు. అంటే మూల దగ్గర వంపు 225 కిలోగ్రామ్-మీటర్లు. 55 వ్యాసానికి ఒత్తిడి సుమారు 135 మెగాపాస్కల్. ట్రాలీ కదలకుండా నిలబడి ఉంటే ఇంతే. సన్నటి స్టబ్బు లావుపాటి ఫ్లాంజ్‌లో కలిసే మూల దగ్గర మాత్రం ఈ ఒత్తిడి అంతటా సమానంగా ఉండదు, మూలలో గుమిగూడుతుంది. మూల గుండ్రం వ్యాసార్ధం ఒకటిన్నర మిల్లీమీటర్లయితే రెండున్నర రెట్లు దాటుతుంది. అయిదు మిల్లీమీటర్లు చేస్తే రెండు రెట్ల లోపుకి దిగుతుంది.

మరి అయిదు పెట్టేస్తే సరిపోదా అంటే, బేరింగు ఒప్పుకోదు. బేరింగు లోపలి రింగు అంచుకి కూడా ఒక గుండ్రం ఉంటుంది. ఆ సైజు టేపర్ రోలర్ బేరింగులో అది రెండు మిల్లీమీటర్ల దగ్గర. స్టబ్బు మూల దానికంటే పెద్ద గుండ్రం అయితే బేరింగు భుజం మీద ఆనదు, గుండ్రం మీదికెక్కి వంకరగా కూర్చుంటుంది. అందుకని ఫ్లాంజ్‌కీ బేరింగుకీ మధ్య ఎనిమిది మిల్లీమీటర్ల స్పేసర్ రింగు పెట్టాం. రింగు లోపలి అంచుకి పెద్ద చాంఫర్, అంటే ఏటవాలు కోత. స్టబ్బు మూల గుండ్రం ఆ చాంఫర్ కింద దాక్కుంటుంది, బేరింగు రింగు చదును ముఖం మీద ఆనుతుంది. రింగు వల్ల మూల అంతమేర లోపలికి జరిగి వంపు చెయ్యి పొడవు పెరుగుతుంది. అదీ కలిపి లెక్కేస్తే మూలలో ఒత్తిడి సుమారు నాలుగో వంతు తగ్గింది. స్టబ్బుని 60 చేసినదానితో సమానం, పాత హబ్బు పాత హబ్బుగానే ఉంది.

ఇక త్రీడీ మోడలు తీసుకుని కంప్యూటర్లో ఫైనైట్ ఎలిమెంట్ లెక్క, అంటే భాగాన్ని చిన్న చిన్న గళ్లుగా (మెష్) విడగొట్టి ఒత్తిడి కట్టడం. కుర్రాళ్లకి ఇక్కడ ఒక మాట. రంగురంగుల బొమ్మ వచ్చేసింది కదాని సంబరపడొద్దు. మూలని పదునుగా వదిలేసి మెష్ వేస్తే, మెష్ ఎంత సన్నం చేస్తే ఒత్తిడి అంత పెరుగుతూనే పోతుంది, ఎక్కడా ఆగదు. ఆ అంకెకి అర్థం లేదు. గుండ్రం గీసి, ఆ గుండ్రం మీద నాలుగైదు వరసల మెష్ పడేలా చూసి, ఇంకా సన్నం చేసినా అంకె కదలకపోతే అప్పుడు నమ్మాలి. రెండోది, ఫ్లాంజ్ వెనక ముఖాన్ని మొత్తం గోడకి అతికించినట్టు బిగించేస్తే బోల్టుల దగ్గర జరిగేదేమీ తెలియదు. బోల్టులని బోల్టులుగానే పెట్టాలి.

అసలు ప్రశ్న కంప్యూటర్‌ది కాదు, దానికిచ్చే లోడుది. పుస్తకాల్లో కుదుపుకి ఇంత అని ఒక గుణకం ఉంటుంది. మన మడి గట్లు ఆ పుస్తకం రాసినాయన చూడలేదు. అందుకని ఒక ట్రాలీ స్టబ్బుకి స్ట్రెయిన్ గేజులు అతికించాం. వేలి గోరంత రేకు, అందులో సన్నటి తీగ మడతలు. లోహం సాగితే తీగా సాగుతుంది, దాని నిరోధం కొద్దిగా మారుతుంది, దాన్ని లాగర్ అనే రికార్డు పెట్టె రాసుకుంటుంది. అతికించడమే పెద్ద తంటా. ఎమిరీ కాగితంతో రుద్ది, ఎసిటోన్‌తో తుడిచి, దూదికి మరక అంటడం పూర్తిగా ఆగేదాకా మళ్లీ తుడిచి, సూపర్ గ్లూ జాతి జిగురు ఒక్క చుక్క వేసి బొటనవేలితో నొక్కి పట్టుకోవాలి. పైన నీళ్లు చొరకుండా సిలికాన్ పూత. మూల గుండ్రం మీద గేజు అతకదు కాబట్టి కొంచెం ఇవతల, చదునుగా ఉన్న చోట, పైన ఒకటి కింద ఒకటి పెట్టాం.

పొలంలో చెరకు నింపి రోడ్డెక్కేదాకా, ఆ తర్వాత ఫ్యాక్టరీ యార్డు దాకా రికార్డు చేశాం. రోడ్డు మీది గుంతలే పెద్ద దెబ్బలని అందరం అనుకుంటాం. గ్రాఫులో పెద్ద పెద్ద శిఖరాలన్నీ పొలంలోంచి రోడ్డెక్కే చోట వచ్చాయి. గట్టు మీద ట్రాలీ మెలి తిరిగి ఒక చక్రం గాల్లోకి లేచినప్పుడు, దాని వాటా బరువు పక్క చక్రాల మీద పడుతుంది. అంతకంటే ముఖ్యం, తడి నేలలో చక్రం గాడిలో దిగి, గాడి అంచు టైరుని పక్కకి తోసినప్పుడు. టైరు వ్యాసార్ధం 400 మిల్లీమీటర్ల దగ్గర. పక్క తోపు 750 కిలోలే అయినా అది స్టబ్బు మీద 300 కిలోగ్రామ్-మీటర్ల వంపు పెడుతుంది. నిలువు బరువు పెట్టే 225 కంటే ఎక్కువ. టైరుని బయటికి తోస్తే రెండూ కలిసి 525. లోపలికి తోస్తే ఒకదాన్నొకటి తినేసి వంపు దిక్కే మారిపోతుంది. ఒక్క గాడి దాటేలోపు స్టబ్బు అటూ ఇటూ వంగి లేస్తుంది. నిలువు బరువు ఒక్కటే వేసి సేఫ్ అని ఆకుపచ్చ బొమ్మ చూపించే ప్రాజెక్టు రిపోర్టులు కాలేజీల్లో ఎన్నో చూశాను. వాటిలో ఈ పక్క తోపు ఉండదు.

డ్రాయింగు ఖరారయ్యాక అది భాగం డ్రాయింగే, ఫోర్జింగ్ డ్రాయింగు వేరు. ఎర్రగా కాలిన లోహం డై (ఆకారం చెక్కిన అచ్చు) గుంటలోకి ఎలా పోతుందో, డైలోంచి బయటికి ఎలా వస్తుందో చూసి మళ్లీ గియ్యాలి. డై గోడలకి అయిదు నుంచి ఏడు డిగ్రీల వాలు, మెషినింగ్‌కి ప్రతి ముఖం మీదా రెండు మూడు మిల్లీమీటర్ల అదనం, చల్లారితే కుంచించుకుపోతుంది కాబట్టి డై కొలతలన్నీ సుమారు ఒకటిన్నర శాతం పెద్దవి. 140 మిల్లీమీటర్ల ఫ్లాంజ్‌కి డైలో 142 పైచిలుకు. తయారైన స్టబ్బు అయిదు కిలోలుంటుంది. ఫ్లాష్ (డై అంచుల్లోంచి పిండుకొచ్చే అదనపు లోహం), పొక్కు (వేడికి పైన కట్టే పొర), మెషినింగ్ అన్నీ కలిపి ఏడు కిలోల ముక్క కోశాం. ఫ్లాంజ్‌తో సహా ఇదే భాగాన్ని 140 రౌండు బారులోంచి లేత్ మీద తీస్తే ఇరవై మూడు కిలోల బారు కావాలి. మిగతాదంతా చిప్స్. డై ఖర్చు విని ముఖం మాడ్చుకున్న మా ఓనరు గారు ఈ అంకె విన్నాక కుదుటపడ్డారు.

విశాఖ ఆటోనగర్‌లో ఒక హ్యామర్ షాపు ఈ పని ఒప్పుకుంది. అక్కడి మేస్త్రి గారు డ్రాయింగు చూడగానే ఫ్లాంజ్ మూల మీద వేలు పెట్టి, ఇంకా గుండ్రం కావాలన్నారు. ఆయన బాధ స్టబ్బు గురించి కాదు, డై గురించి. స్టబ్బు లోపలి మూల అంటే డైలో బయటికి పొడుచుకొచ్చిన అంచు. అది పదునుగా ఉంటే వేడికి మెత్తబడి త్వరగా అరుగుతుంది, లేదా చిట్లుతుంది. ఇంకో చిక్కు కంప్యూటర్లో ఫోర్జింగ్ సిమ్యులేషన్ చూపించింది. కాడ లోంచి ఫ్లాంజ్‌లోకి లోహం తిరిగే మలుపు ఇరుకుగా ఉంటే, లోహం అంచుని అంటుకుని పోకుండా ఎగిరి, వెనక్కి తిరిగి తన మీద తానే మడత పడుతుంది. ఆ మడత కలవదు, లోపలికి పోయిన పగులులా ఉండిపోతుంది. మొదట గీసిన గుండ్రానికి తెర మీద ఆ మడత గీత స్పష్టంగా కనబడింది. గుండ్రం పెంచుతూ పోతే 8 దగ్గర పోయింది. మెషినింగ్‌లో అయిదు తిప్పుకోవడానికి మూలలో లోహం సరిపోయింది కూడా.

కోసిన ముక్కని 1200 డిగ్రీల దగ్గరికి వేడి చేసి, సుత్తి కింద పెట్టి, గ్రాఫైట్ నీళ్లు చల్లి... ఆ భాగం చూసేవాళ్లకి పండగే గానీ రాయడానికి పెద్దగా ఏం లేదు, నిమిషంలో అయిపోతుంది. ఒక్క సంగతి, కొలిమిలో ఎక్కువసేపు నానితే పై పొరలో కార్బన్ కాలిపోతుంది. చర్మం మెత్తబడితే ఫెటీగ్ పగులు అక్కడే పుడుతుంది. మూలని ఎలాగూ లేత్ మీద తిప్పుతాం కాబట్టి మాకు ఆ బెడద లేదు. తిప్పకుండా వదిలేసే భాగాలైతే దీన్ని చూసుకోవాలి.

నాకు అన్నిటికంటే ఇష్టమైన పరీక్ష యాసిడ్‌ది. ఒక ఫోర్జింగ్‌ని నిలువునా రెండుగా కోసి, ముఖాన్ని నున్నగా గ్రైండ్ చేసి, సగం నీళ్లు సగం హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపి 70-80 డిగ్రీల దగ్గర అందులో ముంచాం. పొగ గొంతు పట్టేస్తుంది, కిటికీలన్నీ తెరిచి మాస్కు కట్టుకుని దూరంగా నిలబడాలి. కాసేపటికి బయటికి తీసి కడిగి, బ్రష్షుతో రుద్దితే గీతలు తేలతాయి. స్టీలులో గంధకాన్ని మాంగనీసు పట్టుకుని చిన్న చిన్న పలుకులుగా ఉంచుతుంది. బారు చుట్టేటప్పుడు ఆ పలుకులు సాగి పోగులవుతాయి. ఆమ్లం ఆ పోగులని ముందు తింటుంది కాబట్టి గీతలు కనబడతాయి. గరివిడి, చీపురుపల్లి గనుల్లో మనవాళ్లు ఇన్నేళ్లూ తవ్విన మాంగనీసు స్టీలులో చేసే పనుల్లో ఇదొకటి.

ఫోర్జింగ్ ముక్కలో ఆ పోగులు కాడ వెంబడి వచ్చి, మూల దగ్గర తెగకుండా వంపు తిరిగి ఫ్లాంజ్‌లోకి పోయాయి. పోల్చడానికి 140 బారులోంచి తిప్పిన ముక్కని కూడా ముంచాం. అందులో పోగులు నిటారుగా వచ్చి మూల దగ్గర ముఖానికి తగిలి తెగిపోయాయి. నాగలికి వడ్రంగి వంపు తిరిగిన తుమ్మ కొమ్మనే వెతుకుతాడు గానీ, లావుపాటి దుంగని వంకరగా చెక్కడు కదా, అదే సంగతి.

తర్వాత నూనెలో చల్లార్చి, మళ్లీ వేడి చేసి టెంపరింగ్. ఈఎన్8కి మేం అడిగింది 201 నుంచి 255 బ్రినెల్ (గట్టిదనం కొలత) మధ్య. పది మిల్లీమీటర్ల గుండుని మూడు వేల కిలోల బరువుతో నొక్కి, పడిన సొట్ట వ్యాసాన్ని చిన్న మైక్రోస్కోపుతో కొలుస్తారు. 4 మిల్లీమీటర్లు వస్తే 229, 4.2 వస్తే 207. సొట్ట పెద్దదైతే మెత్తన. నొక్కే ముందు ఆ చోట పొక్కు రుద్దేయకపోతే అంకె తప్పుతుంది. ఇది చెప్పి చెప్పి నాకు విసుగొచ్చింది గానీ కుర్రాళ్లు ఇప్పటికీ మర్చిపోతారు.

మాగ్నెటిక్ పరీక్ష చీకటి డేరాలో. స్టబ్బుని అయస్కాంతం చేసి, మెరిసే ఇనప రజను కలిపిన ద్రవం పోసి, అల్ట్రావయొలెట్ దీపం కింద చూస్తే పగులున్న చోట పచ్చటి గీత వెలుగుతుంది. అయస్కాంత బలరేఖకి అడ్డంగా ఉన్న పగులే కనబడుతుంది. అందుకని ఒకసారి స్టబ్బు గుండా కరెంటు పంపి, ఇంకోసారి కాయిల్లో పెట్టి, రెండు దిక్కుల్లోనూ చూడాలి. మా మూలని చుట్టే పగులు కాయిల్లోనే దొరుకుతుంది. మొదటి విధానం ఒక్కటే చేసి పాస్ కొట్టిన రిపోర్టుకి విలువ లేదు. చివర్లో అయస్కాంతం పూర్తిగా దించెయ్యాలి, లేకపోతే బేరింగులోకి రజను లాక్కుంటుంది.

ఫెటీగ్ పరీక్షకి పుణెలో వాహనాలు పరీక్షించే ఏఆర్ఏఐ సంస్థ లాంటి చోట్ల పెద్ద యంత్రాలున్నాయి. మా బడ్జెట్టుకి మందపాటి ప్లేటు, ఒక హైడ్రాలిక్ సిలిండరు, టైమరు పెట్టి షెడ్డులోనే రిగ్గు కట్టుకున్నాం. ఫ్లాంజ్‌ని ప్లేటుకి బిగించి, చక్రం చోట అటూ ఇటూ నెట్టడం. గ్రాఫులో చూసిన పక్క తోపుకి తగ్గట్టు రెండు దిక్కుల్లోనూ. గురి పది లక్షల సార్లు. సెకనుకి మూడు చొప్పున నడిపితే రాత్రీ పగలూ ఆపకుండా దాదాపు నాలుగు రోజులు పడుతుంది. కరెంటు పోతే కౌంటరు అంకె పోకుండా చిన్న బ్యాటరీ పెట్టుకున్నాం. పాత వెల్డింగ్ స్టబ్బు అన్నిటికంటే ముందు, వెల్డింగ్ అంచులోనే పోయింది, షెడ్డు వెనక ముక్కల్లో చూసిన చోటే. బారులోంచి తిప్పిన ముక్క చాలా దూరం వచ్చి మూలలో పగిలింది. ఫోర్జింగ్‌వి గురి దాటాక ఆపి, రంగు ద్రవం పూసి చూస్తే మూలలో గీత లేదు.

ఇప్పుడు ఈ స్టబ్బులు బొబ్బిలి, రాజాం, పాలకొండ వైపు ట్రాలీల్లో నడుస్తున్నాయి. వచ్చిన ఫిర్యాదులన్నీ ఆ స్పేసర్ రింగు గురించే. బేరింగు మార్చేటప్పుడు మెకానిక్కులు దాన్ని తిరగేసి వేస్తున్నారు. చాంఫర్ లేని అంచు గుండ్రానికి తగిలి బేరింగు వదులవుతోంది. అందుకని రింగుకి రెండు వైపులా ఒకే చాంఫర్ పెట్టాం, ఎటు వేసినా పడుతుంది. అసలు వెయ్యడమే మర్చిపోయేవాళ్లూ ఉన్నారు. వాళ్ల కోసం స్టబ్బు కొనలో మర పొడవు తగ్గించాం. రింగు లేకపోతే క్యాజిల్ నట్టు మర ఆఖరికి వచ్చి ఆగిపోతుంది, హబ్బు ఆడుతూనే ఉంటుంది, కాటర్ పిన్ను రంధ్రం నట్టుని దాటి బయటికి వచ్చేస్తుంది. పిన్ను పడక మెకానిక్ చుట్టూ వెతుక్కుంటాడు, రింగు కాళ్ల దగ్గర గుడ్డల్లో ఎక్కడో దొరుకుతుంది.